గుంటకి దారి తెలుసు

"మేస్టారూ, మా ఆవిడికి పెద్దాపరేషన్ చేసి పాపని తీసినారు. రెండు గంటల దాకా ఆవిడికి చూపించనేదు. ఆ రెండు గంటల్లో ఏటి పోనాదంటారు?"

నరసన్నపేట నుంచి పాత శిష్యుడి ఫోను. జీవశాస్త్రం క్లాసులో వెనక బెంచీ మీద తాబేళ్ళ బొమ్మలు గీసుకునేవాడు. అందుకని తాబేళ్ళతోనే చెప్పాను.

మన శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్ల బయటపడగానే సముద్రం వైపు పాకుతుంది. దానికి గుర్తు వెలుతురు. రాత్రిపూట నీటి మీది ఆకాశం నేల వైపు కన్నా కాస్త తెల్లగా ఉంటుంది. ఒడ్డున వీధిదీపం వెలిగిందా, దారి తప్పినట్టే. సంరక్షణ కేంద్రాలవాళ్ళు కూడా పిల్లల్ని నీళ్ళలో కుమ్మరించరు, ఇసుక మీద వదిలి పాకనిస్తారు.

మన గుంటలూ, అంటే పసిపిల్లలూ, పాకుతారు. పుట్టగానే ఒళ్ళు తుడిచి తల్లి ఛాతీ మీద బోర్లా వేస్తే, ఏడుపు ఆపి, కాసేపు కదలకుండా పడుకుని, కళ్ళు తెరిచి, చెయ్యి చప్పరిస్తూ, కాళ్ళతో తన్నుకుంటూ రొమ్ము చేరతారు. గంట పట్టొచ్చు. వీళ్ళకి గుర్తు వాసన. చనుమొన చుట్టూ నల్లటి వలయంలో ఆవగింజల్లాంటి బుడిపెలుంటాయి. వాటి జిడ్డు వాసన, చేతులకంటిన ఉమ్మనీటి వాసన దారి చూపిస్తాయి. 1994లో ఒక ప్రయోగం చేశారు. తల్లి రొమ్ముల్లో ఒకటి కడిగి, రెండోది కడక్కుండా వదిలేశారు. 30 మంది బిడ్డల్లో 22 మంది కడగని వైపే వెళ్ళారు. శుభ్రం పేరుతో కడిగెయ్యడమంటే ఒడ్డున దీపం పెట్టడమే!

మరి కోత కాన్పులో? నడుముకిచ్చే మత్తుసూది ఇంచుమించు రొమ్ముల ఎత్తు దాకా మొద్దుబారుస్తుంది. పైన ఛాతీ, చేతులు, ముక్కు, కళ్ళు తల్లివే. అంటే బిడ్డను వెయ్యాల్సిన చోటు ఖాళీగానే ఉంది. 2008లో లండన్ క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రి వైద్యులు దీన్నే పద్ధతిగా రాశారు. గుండె కొట్టుకోవడం చూసే తీగల స్టిక్కర్లు ఛాతీ మీంచి పక్కకి జరుపుతారు. సెలైన్ సూది తల్లి వాటంలేని చేతికి పెడతారు. బిడ్డ తల బయటికి రాగానే తల్లి ముందున్న అడ్డుతెర దించి, తొందరపడకుండా ఆగుతారు. బిడ్డ ఒళ్ళింకా లోపలే, మాయ నుంచి రక్తం అందుతూనే ఉంటుంది. ఈలోగా గర్భసంచి బిగువు ఛాతీని నొక్కి ఊపిరితిత్తుల నీటిని కొంత బయటికి పిండుతుంది.

మిగతా నీటిని లోపల్లోపలే పీల్చేది ఊపిరితిత్తుల గోడల్లో ఉప్పును లాగే సోడియం ద్వారాలు. నొప్పుల వేళ బిడ్డలో ఎగిసే ఎడ్రినలిన్ అనే హార్మోను వాటిని తెరుస్తుంది. నొప్పులు రాకుండానే కోస్తే ఆ ఎగసిపాటు చాలదు, బిడ్డ రొప్పుతుంది. ముహూర్తం పట్టుకుని 39 వారాలు నిండకముందే కోయించేవాళ్ళకి ఈ ముక్క ఏ పంచాంగం చెబుతుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. తెర దించే ఓపిక మనకే ఎక్కువ కావాలి.

ఒక్కచోట నా పోలిక చెడుతుంది. తాబేలు తల్లి గుడ్లు పెట్టిన రాత్రే సముద్రంలోకి వెళ్ళిపోతుంది. దారి తప్పిన పిల్లని ఎత్తుకునేవాళ్ళుండరు. మన గుంటకి తల్లి ఉంది, మర్నాడు ఛాతీ మీద వేసినా వెతుక్కుంటుంది. తల్లికి పూర్తి మత్తిచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా తండ్రి ఛాతీ ఉంది. ఆపరేషన్ కాన్పుల తర్వాత తండ్రి ఒంటికి ఆనించిన పిల్లలు, విడిగా పడుకోబెట్టినవాళ్ళకన్నా తక్కువ ఏడ్చారని స్వీడన్‌లో చూశారు.

"మా అమ్మ నక్షత్రం బాగోనేదంటంది మేస్టారూ. శాంతి చేసి, నూనిలో నీడ చూసినాకే నాను పాపని చూడాలట."

"కళ్ళు మూసుకుని చొక్కా విప్పరా," అన్నాను.

నాలుగో రోజు రాత్రి మళ్ళీ ఫోను, గుసగుసగా: "పడుకున్నాది మేస్టారూ. కదిల్తే లెగిసిపోద్ది. చెయ్యి తిమ్మిరెక్కిపోనాది, ఏటి సెయ్యమంటారు?"