మార్టేరు పొలంలో పరిశోధన లెక్క

వరిలో కొత్త వంగడం పని సాయంత్రం పూట మొదలవుతుంది. మర్నాడు విచ్చుకోబోయే పూలను ఎంచుకుని, పొట్టు కొనను మూడో వంతు కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ తీసేసి, వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడుగుతారు. పొద్దెక్కాక మగ మొక్క వెన్ను తెచ్చి పుప్పొడి దులుపుతారు. ఇదే సంకరణం. ఒక్క కేసరం మిగిలినా పువ్వు తన పుప్పొడితోనే గింజ కట్టేస్తుంది. ఆ సంగతి ఆ గింజ మొక్కై ఎదిగాక గానీ బయటపడదు. అంటే ఒక పంటకాలం పోయినట్టే.

ఆపై ఆరేడు తరాలు మంచి మొక్కలను ఏరుకుంటూ పోవాలి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వాడుకున్నా మూడేళ్ల పైమాటే. తర్వాత దిగుబడి పరీక్షలు, 1965లో మొదలైన అఖిల భారత వరి పథకం కింద రాష్ట్రాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో వేసి చూడటానికి ఇచ్చే చిన్న విత్తన సంచులు, అంటే మినీకిట్లు. అన్నీ కలిపి పదేళ్లు దాటుతుంది. మూడేళ్ల ప్రాజెక్టు డబ్బుతో వంగడం పుట్టదు. కూలీల డబ్బు పూత అయిపోయాక వస్తే ఆ సీజనుకు సంకరణాలు లేవు.

పశ్చిమ గోదావరిలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచి ఉంది కాబట్టే 1982లో స్వర్ణ (ఎంటీయూ 7029) వచ్చింది. అది వశిష్ఠ, మసూరిల సంతానం. డెల్టా దాటి ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. దాని లోపం, ముంపుకు ఆగదు. ముంపును ఓర్చుకునే ఎఫ్ఆర్13ఏ అనే వరి ఒడిశా దేశవాళీ రకం నుంచి ఏరినదే. ఆ గుణానికి మూలమైన సబ్1ఏ జన్యువును 2006లో లోకానికి చూపింది మాత్రం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు. ఆ జన్యువును స్వర్ణలోకి తెచ్చి చేసిన, రెండు వారాల దాకా ముంపును తట్టుకునే స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. వంగడం మనది, గుణం మనది, జన్యువును చదివే పరికరం, దాన్ని నడిపే మనుషులు మనకు చాలలేదు.

దక్షిణ కొరియా జీడీపీలో సుమారు 5 శాతం పరిశోధనకు పెడుతుంది, మనం 1 శాతమైనా పెట్టడం లేదు. పెంచే డబ్బులో కొంత పొలం పక్కనే పడాలి. నారు చిన్నగా ఉండగానే ఆకు ముక్క తెంపి డీఎన్ఏ పరీక్ష చేస్తే, కావలసిన జన్యువున్న మొక్కలనే నాటుకోవచ్చు. ఫలితం నాట్లలోపే చేతికి రావాలి. నమూనా దూరపు నగరానికి వెళ్లి ఆలస్యమైతే వేల మొక్కలూ నాటాల్సిందే, కూలీ ఖర్చు, చోటు వృథా. ఆకును ఐస్‌లో పెట్టడమో సిలికా జెల్‌తో వెంటనే ఆరబెట్టడమో చేయకుంటే ఈ ఎండకు డీఎన్ఏ చెడుతుంది. అందుకే కేంద్రంలోనే చిన్న ల్యాబు, అందులో కాంట్రాక్టు మీద కాక పర్మనెంటుగా ఉండే టెక్నీషియన్లు, తుఫానుకు కరెంటు పోయినా డీప్ ఫ్రీజర్ ఆగకుండా జనరేటరు, దాని డీజిల్‌కు బడ్జెట్లో ఏటా ఒక పద్దు కావాలి.