అపోహలు - వాస్తవాలు: కొలియూర్‌లో సెలవుల ఇల్లు, మీరు కట్టే అడ్వాన్సు

మొన్న మళ్ళీ అదే ఫోన్. "అక్కా, అమ్మకి వీసా రాలేదు, ఇల్లుగలాయన అడ్వాన్సు వెనక్కి ఇవ్వనంటున్నాడు, మీరొక్క మాట చెప్పి చూడండి." ఈ ఏడాది ఇలాంటి ఫోన్ ఇది నాలుగోది. నేనొక మాట చెబితే తేలే వ్యవహారం కాదిది, తేల్చే మాట వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది, ఆ మాట ఏమిటో చూడకుండా డబ్బు పంపేశారు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

నేనుండేది ఫ్రాన్స్ దక్షిణాన, స్పెయిన్ సరిహద్దు దగ్గరున్న పెర్పిన్యాన్‌లో. అక్కడికి దగ్గరలో సముద్రం ఒడ్డునున్న కొలియూర్‌లోనూ, దాని పక్కనున్న పోర్-వాండ్ర్‌లోనూ సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళు కొన్ని చూసుకుంటాను. వచ్చినవాళ్ళకి తాళాలిచ్చి ఇల్లు చూపించడం, వెళ్ళే రోజు సామాను సరిచూసి తాళాలు తీసుకోవడం, మధ్యలో గీజర్ పనిచేయకపోతే మనిషిని పంపడం, ఇదీ నా పని. తులూజ్‌లో, బార్సిలోనాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు అమ్మానాన్నల్ని రప్పించి ఒక వారం ఇక్కడ ఉంచడం ఈమధ్య బాగా పెరిగింది. సంతోషమే. 1905 వేసవిలో మాతీస్, దెరాన్ అనే చిత్రకారులు కొలియూర్‌కి వచ్చి, ఉన్న రంగుల్ని పక్కనపెట్టి కంటికి తగిలిన రంగులు వేసి, ఆ ఏడే పారిస్ ప్రదర్శనలో 'ఫోవ్‌లు', అంటే క్రూరమృగాలు అని పేరు తెచ్చుకున్నారు. ఆ ఊరే ఇది. కోట, రేవు, గులాబీ రంగు టోపీ పెట్టుకున్న చర్చి గోపురం, వెనకాల ద్రాక్షతోటలు. పెద్దవాళ్ళకి నచ్చే ఊరు. కానీ ఊరికి చేరేలోపే డబ్బు పోగొట్టుకుంటున్నారు, నా బాధ అది.

అపోహ: అడ్వాన్సు అంటే అడ్వాన్సే, మనం వెళ్ళకపోతే తిరిగిచ్చేస్తారు.

ఇవ్వరు. ఇవ్వక్కర్లేదు కూడా. మన దగ్గర స్థలం బేరం కుదిరాక బయానా ఇస్తాం కదా, కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుందని మన ఊళ్ళో ఎవరికి తెలియదు? ఫ్రాన్స్‌లోనూ అచ్చంగా అదే ఉంది, దాన్ని 'అర్' అంటారు. మీరు మానుకుంటే మీ అర్ పోతుంది, అంతటితో మీ బాధ్యత తీరిపోతుంది. ఇల్లుగలాయన మానుకుంటే తీసుకున్నదానికి రెట్టింపు మీకివ్వాలి. ఇంతవరకూ న్యాయంగానే ఉంది.

చిక్కు రెండో మాటతో. 'అకోంత్' అని ఇంకొకటుంది. ఇంగ్లీషులోకి మారిస్తే రెండూ 'డిపాజిట్' అనే వస్తాయి, ఫోన్‌లో అనువాదం చేసుకుని చదివేవాళ్ళు మోసపోయేది అక్కడే. అకోంత్ బయానా కాదు, మొత్తం అద్దెలో మొదటి వాయిదా. అది కట్టారంటే ఒప్పందం ఇద్దరికీ ఖాయమైపోయినట్టు, వెనక్కి తగ్గే హక్కు ఎవరికీ ఉండదు, మీరు రాకపోయినా మిగతా అద్దె కూడా కట్టమని అడగవచ్చు. వారానికి 1,200 యూరోల ఇల్లు, ముందుగా 300 కట్టారనుకోండి. అర్ అయితే పోయేది 300. అకోంత్ అయితే ఆ 300తో పాటు మిగతా 900 కూడా మీ మెడకి చుట్టుకోవచ్చు. తేడా అంతా ఒక్క మాటలో ఉంది.

అద్దెకివ్వడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళతో అయితే, ఒప్పందంలో వేరే ఏమీ రాయకపోతే ఆ డబ్బు చట్టం ప్రకారం అర్ కిందే లెక్క. లైసెన్సు ఉన్న ఏజెన్సీ అయితే తాళాలిచ్చే రోజుకి ఆరు నెలల కంటే ముందుగా డబ్బు అడగకూడదు, అడిగినా మొత్తం అద్దెలో 25 శాతం దాటకూడదు. కానీ మన పిల్లలు ఎక్కువగా చేసేది సొంత ఇల్లుగలాయనతో నేరుగా మాట్లాడుకోవడం, కమీషన్ మిగులుతుందని. అక్కడ కాగితంలో ఏం రాసుంటే అదే.

మూడోది 'కోస్యోన్'. ఇది ఇంటికి, సామానుకి ఏదైనా నష్టం జరిగితే పట్టుకోవడానికి. నష్టం లేకపోతే తిరిగొచ్చేది ఇది మాత్రమే. "డిపాజిట్ రిఫండబుల్ అని రాశారక్కా" అని నాకు చూపించే వాక్యం చాలాసార్లు ఈ కోస్యోన్ గురించి, ముందు కట్టిన డబ్బు గురించి కాదు. పాపం, ఆశతో చదివితే అలాగే కనిపిస్తుంది.

రెండేళ్ళ కిందట జరిగింది చెబుతాను. గుంటూరు దగ్గర నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ, వాళ్ళబ్బాయి తులూజ్‌లో. సెప్టెంబరులో వారం రోజులకి ఇల్లు మాట్లాడుకుని, ఏప్రిల్‌లోనే సగం డబ్బు పంపేశాడు, కాగితంలో అకోంత్ అని ఉంది. వీసా రాలేదు. అబ్బాయి నాకు ఫోన్ చేసేటప్పటికి గొంతు సరిగా రావడం లేదు, డబ్బు కంటే అమ్మకి ఎలా చెప్పాలన్న దిగులు ఎక్కువ. ఇల్లుగలాయన మిగతా సగం కూడా అడుగుతూ ఉత్తరం రాశాడు, హక్కుంది కాబట్టి రాశాడు. నేను మూడుసార్లు మాట్లాడాను. చివరికి ఆ వారానికి ఇంకొకళ్ళు దొరికారు, అందుకని ఆయన మిగతాది వదిలేసి, తీసుకున్నదాంట్లో కొంత వెనక్కిచ్చాడు. అది ఆయన మంచితనం, అందరూ అలా ఉండాలని లేదు. టీచరమ్మ తర్వాతి ఏడాది మళ్ళీ అప్లై చేసుకుని వచ్చింది. నేనే రేవు దగ్గరికి తీసుకెళ్ళి ఆంచోవీలనే చిన్న చేపలు చూపించాను. ఉప్పులో నెలలపాటు నానబెట్టినవాటిని ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్కటే చేత్తో ముల్లు తీసి వేరుచేస్తారిక్కడ. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఇవి మన నెత్తళ్ళేనమ్మా" అంది. నెత్తళ్ళ జాతే. కొలియూర్ ఆంచోవీకి 2004 నుంచి యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆవిడ చేపలు ముట్టదు, అయినా చాలాసేపు నిలబడి చూసింది.

సరే, విషయానికొస్తాను. ఈ అడ్వాన్సు చుట్టూ ఇంకో మూడు పుకార్లు తిరుగుతున్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో నిజంలా చలామణీ అవుతున్నాయి.

మొదటిది, "యూరప్‌లో ఆన్‌లైన్‌లో ఏం కొన్నా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు." వస్తువులకి ఉంది. తేదీలు ఖాయం చేసుకున్న బసకి ఆ హక్కు వర్తించదు, చట్టంలోనే మినహాయించారు. ఇది చెప్పినవాళ్ళెవరో మీ డబ్బు కట్టరు, దయచేసి గ్రూపులో మెసేజ్ నమ్మి సంతకం పెట్టకండి.

రెండోది, "ఇన్సూరెన్సు తీసుకున్నాం కదా." షెంగెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, తీసుకునే 30,000 యూరోల ఇన్సూరెన్సు జబ్బు చేస్తే ఆసుపత్రికి, తప్పనిసరైతే స్వదేశానికి చేర్చడానికి. ఇంటి అద్దెతో దానికి సంబంధం లేదు. ప్రయాణం రద్దయితే డబ్బిచ్చే పాలసీ వేరు. అది తీసుకున్నా, వీసా నిరాకరిస్తే ఇస్తారా లేదా అన్నది పాలసీ కాగితంలో వెతికి చూసుకోవాలి, ఇవ్వనివే ఎక్కువగా నా కంటపడ్డాయి.

మూడోది, "ఇల్లు బుక్ చేసి డబ్బు మొత్తం కట్టేస్తే వీసా ఖాయం." బస ఎక్కడో చూపించాలి, నిజమే. డబ్బంతా కట్టేసి చూపించాలని నియమమేమీ లేదు. వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, వచ్చినా రాకపోయినా అది పోయే డబ్బే, దానికి తోడు ఇల్లు కూడా పోగొట్టుకోవడం ఎందుకు?

మరి ఏం చేయాలంటే, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే వీసాకి అప్లై చేయవచ్చు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, అనుమానం ఉంటే 45 రోజుల దాకా పట్టవచ్చు, పైగా అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు వేరే. కాబట్టి ముందు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బస ఒకటి తీసుకుని దాంతో అప్లై చేయండి. పాస్‌పోర్టు మీద స్టిక్కర్ చూశాకే ఇల్లుగలాయనతో ఒప్పందం. ఆ ఇల్లే కావాలి, జూలై నెల, ఎవరో తన్నుకుపోతారు అన్న టెన్షన్ ఉంటే, డబ్బు పంపకముందే రెండు మాటలు అడగండి: అకోంత్ బదులు అర్ అని రాయమనండి, వీసా నిరాకరించినట్టు కాగితం చూపిస్తే డబ్బు వాపసు అని ఒక వాక్యం చేర్చమనండి. అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు, నేను చూసే ఇళ్ళలోనే ఇద్దరు ఒప్పుకున్నారు. ఫోన్‌లో "సరేలెండి" అంటే చాలదు, కాగితం మీదే ఉండాలి. మీరు అలా అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి, ఇక్కడ డబ్బు విషయం కాగితం మీద అడగడం మర్యాద కిందే లెక్క.

ఇంకొకటి. కొడుకు ఇంట్లో కొన్నాళ్ళు, కొలియూర్‌లో కొన్నాళ్ళు అనుకునేవాళ్ళు, కొడుకు ఇంట్లో ఉండే రోజులకి "మా అబ్బాయి దగ్గర ఉంటాం" అని ఉత్తరం రాస్తే సరిపోదు. అబ్బాయి ఫ్రాన్స్‌లో ఉంటే తన ఊరి మున్సిపాలిటీకి వెళ్ళి అతిథిపత్రం తీసుకోవాలి, దానికి 30 యూరోల స్టాంపు, రోజులు కూడా పడతాయి. నేను చూసిన తిరస్కరణల్లో కొన్ని ఇక్కడే తట్టుకున్నాయి.

అపోహ: అద్దె ఇల్లంటే హోటల్ లాంటిదే.

కాదు. రిసెప్షన్ ఉండదు, రాత్రి పదకొండుకి దిగితే తలుపు తీసేవాళ్ళుండరు, ముందే మాట్లాడుకోవాలి. జూలై, ఆగస్టుల్లో చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, రెండు రాత్రులకి ఇవ్వరు. దుప్పట్లు, తువ్వాళ్ళు అద్దెలో కలవకపోవచ్చు. వెళ్ళేటప్పుడు ఇల్లు శుభ్రం చేసి ఇవ్వాలి, లేదా దానికి విడిగా డబ్బు కట్టాలి. పెద్దవాళ్ళకి రాత్రికింత అని మున్సిపాలిటీ పన్ను, 18 ఏళ్ళలోపు పిల్లలకి లేదు. వీటిలో ఏదీ మోసం కాదు, ఇక్కడి పద్ధతి.

కోస్యోన్ ఎక్కువగా తెగేది మాత్రం వంటింట్లో. తెల్ల రాతి గట్టు మీద పసుపు మరక పడితే పోదు, నాకు ప్రతి వేసవీ ఒకటైనా కనిపిస్తుంది, ఇంటివాళ్ళకి చూపించక తప్పదు, మనవాళ్ళ డబ్బు తెగుతుంటే చూడటం నాకు కష్టం. పసుపు, కారం కలిపేచోట పాత న్యూస్‌పేపరు పరవండి, చాలు. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి. ఇక్కడ ప్రతి ఇంట్లో పొగ అలారం తప్పనిసరి, అది మోగితే పెద్దవాళ్ళు హడలిపోతారు. కుక్కర్ ఉంటుందని ఆశపడకండి. మోసుకొచ్చేట్టయితే స్టవ్ ఇండక్షనా అని ముందే కనుక్కోండి, ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. దిగిన వెంటనే గదిగదికీ ఫొటోలు తీసి, పగిలింది, విరిగింది ఏదైనా ఉంటే ఆ రోజే మెసేజ్ పెట్టండి. వెళ్ళే రోజు వాదన వస్తే నేను మీ తరఫున మాట్లాడటానికి ఆ ఫొటోలే కావాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

దక్షిణ ఫ్రాన్స్ అనగానే నీస్ నగరం పక్కన అనుకుంటున్నారు. నీస్ నుంచి ఇది దాదాపు 500 కిలోమీటర్లు. దగ్గరలోని పెద్ద నగరం బార్సిలోనా, స్పెయిన్ సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరం. పెర్పిన్యాన్ నుంచి లోకల్ రైలు అరగంట లోపే. ఒకే షెంగెన్ వీసా రెండు దేశాలకీ పనికొస్తుంది, కానీ ఎక్కువ రాత్రులు ఎక్కడో ఆ దేశానికే అప్లై చేయాలి, అపాయింట్‌మెంట్ దొరికిన దేశానికి కాదు. సరిహద్దు రైళ్ళలో పోలీసులు అడుగుతారు, పాస్‌పోర్టు గదిలో వదిలి వెళ్ళకండి.

మాతీస్ బొమ్మలు ఇక్కడ చూడొచ్చని వస్తారు. ఆయన ఇక్కడి కిటికీలోంచి చూసి వేసిన 'తెరిచిన కిటికీ' వాషింగ్టన్‌లో ఉంది. ఇక్కడున్నవి నకళ్ళు, ఆయనా దెరానూ నిలబడి గీసిన చోట్లలోనే ఫ్రేములు కట్టి పెట్టారు. నా మటుకు నాకు అదే బాగుంటుంది, బొమ్మనీ ఎదురుగా ఉన్న రేవునీ ఒక్కసారే చూడొచ్చు, ఆ చర్చి గోపురం ఒకప్పుడు ఓడలకి దీపస్తంభం అని తెలిస్తే పిల్లలు కూడా ఆగి చూస్తారు.

ఇసుక బీచ్ అనుకుని రాకండి, ఎక్కువగా గులకరాళ్ళే, రబ్బరు చెప్పులు తెచ్చుకోండి. ఇసుకే కావాలంటే పక్క ఊరు అర్జెలెస్. త్రామొంతాన్ గాలి వీచిన రోజు ఆకాశం నీలంగా మెరుస్తుంది గానీ చలి కొరుకుతుంది, పెద్దవాళ్ళకి ఒక స్వెటరు వేసవిలో కూడా సంచిలో ఉండాలి.

ఊళ్ళో శ్మశానానికి వెళ్ళమంటే మనవాళ్ళు వింతగా చూస్తారు. స్పెయిన్ కవి ఆంతోనియో మచాదో అంతర్యుద్ధంలో జనరల్ ఫ్రాంకో సేనల నుంచి తప్పించుకుని తల్లితో సహా సరిహద్దు దాటి వచ్చి, 1939 ఫిబ్రవరి 22న ఈ ఊళ్ళోనే పోయాడు, మూడు రోజులకి తల్లి కూడా పోయింది. ఇద్దరూ ఒకేచోట ఉన్నారు. ఆయనకి ఇప్పటికీ ఉత్తరాలు వస్తాయి, సమాధి దగ్గర ఉత్తరాల డబ్బా ఉంది. టీచరమ్మని అక్కడికి కూడా తీసుకెళ్ళాను. పర్సులోంచి చిన్న కాగితం తీసి తెలుగులో ఏదో రాసి ఆ డబ్బాలో వేసింది, ఏం రాశారని నేను అడగలేదు.

నాకు ఒప్పందం ఫొటో పంపేవాళ్ళు దయచేసి మొదటి పేజీ ఒక్కటే పంపకండి. ఇంటి బొమ్మ, తేదీలు, అద్దె అందులో ఉంటాయి. అర్ అని ఉందో అకోంత్ అని ఉందో సాధారణంగా రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పేజీ పంపండి, డబ్బు పంపకముందు పంపండి, రాత్రయినా పరవాలేదు, చదివి చెబుతాను.