స్విచ్‌ల స్టాక్: నంబరు వేరు, పెద్దరికం వేరు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ఆసుపత్రులు, కళాశాలల నెట్‌వర్క్ ర్యాకులు చూసుకోవడం నా పని. కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లను (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలను) వెనుకవైపు ప్రత్యేక కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా నడపడాన్ని స్టాక్ అంటాం. సిస్కో కేటలిస్ట్ 9300లో ఇలా 8 వరకు కలపవచ్చు. కింద చెప్పేవన్నీ ఆ రకానికి సంబంధించినవే.

అపోహ: ఒకటో నంబరు స్విచ్చే స్టాక్‌ను నడిపిస్తుంది.

వాస్తవం: స్టాక్‌లోని ఒక్కో స్విచ్‌ను మెంబర్ అంటాం. మెంబర్ నంబరు ఇంటి నంబరు లాంటిది. 2/0/14 అంటే రెండో మెంబర్‌లో 14వ పోర్టు, అంతే. పెద్దరికాన్ని తేల్చేది ప్రయారిటీ. అది 1 నుంచి 15 వరకు ఉంటుంది. మనం మార్చకపోతే 1. అన్నింటికీ సమానంగా వదిలేస్తే చివరికి మ్యాక్ అడ్రసు (తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్య) తక్కువగా ఉన్నది యాక్టివ్, అంటే స్టాక్‌ను నడిపేది, అవుతుంది. అంత ముఖ్యమైన నిర్ణయాన్ని అలా వదిలేయడం నాకు నచ్చదు. యాక్టివ్‌కు 15, అది ఆగితే పగ్గాలు అందుకునే స్టాండ్‌బైకి 14 ఇస్తాను. ప్రయారిటీ పెంచగానే పీఠం మారదు, తదుపరి ఎన్నిక దాకా పాతదే నడుపుతుంది.

అపోహ: కొత్త మెంబర్‌ను ఎప్పుడైనా, ఎలాగైనా తగిలించవచ్చు.

వాస్తవం: మహబూబ్‌నగర్‌లోని ఒక ఆసుపత్రిలో ఈ నమ్మకం పెద్ద నష్టమే చేసింది. వేరే చోట స్టాక్‌ను నడిపిన స్విచ్‌ను తెచ్చి, ఆన్‌లో ఉండగానే కేబుల్ కలిపారు. ప్రయారిటీ 15 దాని లోపలే ఉండిపోయింది. ఉన్న స్టాక్‌లో అన్నింటికీ 1. విడిగా ఆన్‌లో ఉన్న స్విచ్ తనకు తానే యాక్టివ్. రెండు యాక్టివ్‌లు ఎదురుపడితే ఒకటే నిలుస్తుంది, కొత్తది గెలిచింది. పాత మూడూ రీలోడ్ అయి (మళ్లీ మొదలై) దాని కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) కిందికి వెళ్లాయి. వీల్యాన్‌లు (నెట్‌వర్క్‌ను విభాగాలుగా విడదీసే ఏర్పాట్లు) మాయమయ్యాయి. ఉదయం రద్దీ వేళ, ఓపీ చీటీలు చేతితో రాయవలసి వచ్చింది. వరుసలో నిలబడ్డ వృద్ధుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. బ్యాకప్ ఉండబట్టి సాయంత్రానికి సర్దగలిగాం.

అందుకే కొత్త మెంబర్‌ను ముందు విడిగా వెలిగించి పాత కాన్ఫిగరేషన్ చెరిపేయండి, ప్రయారిటీ 1 చేయండి, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను స్టాక్‌తో సమానం చేయండి. ఆ తర్వాత ఆపి, కేబుళ్లు బిగించి, అప్పుడు కరెంటు ఇవ్వండి.

అపోహ: నంబరు మార్చితే పోర్టుల సెట్టింగులు కూడా వెంట వస్తాయి.

వాస్తవం: రావు. రెండో మెంబర్‌ను మూడుగా మార్చి రీలోడ్ చేస్తే, పాత సెట్టింగులు రెండో నంబరు పేరిటే మిగిలిపోతాయి. చెడిపోయిన మెంబర్ స్థానంలో మరొకటి పెట్టేటప్పుడు మాత్రం ఇదే గుణం మేలు చేస్తుంది: అదే మోడల్, అదే నంబరు అయితే ఆ సెట్టింగులను కొత్తది అందుకుంటుంది. 48 పోర్టులదాని చోట 24 పోర్టులది పెట్టి అదే ఫలితం ఆశించకండి.

అపోహ: స్టాక్ కేబుల్ ఒకటి ఊడినా నడుస్తోంది, తొందరేమీ లేదు.

వాస్తవం: స్టాక్ కేబుళ్లు స్విచ్‌లను వలయంగా కలుపుతాయి. ఒకటి ఊడిందంటే వలయం తెగింది, వేగం సగమైంది. రెండో కేబుల్ కూడా ఊడితే స్టాక్ రెండుగా చీలి, రెండు ముక్కలూ ఒకే ఐపీ అడ్రసుతో నిలబడవచ్చు. ఆ రోజే బిగించండి.