ఫాల్ట్ కోడ్ యాప్: మెకానిక్కుల అపోహలు, యాప్ రాసేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

బరంపురంలో వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పని మాది. ఇటు ఇచ్ఛాపురం, అటు ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఇదే పనిలో ఉన్న మనవాళ్లు కొందరం, కోడింగ్ తెలిసిన ఒక తమ్ముడు కలిసి రిపేరు చేసేవాళ్ల కోసం ఫాల్ట్ కోడ్ల (మెషిన్లో ఏదైనా తేడా వస్తే అది చూపించే అక్షరాలు, అంకెలు) యాప్ ఒకటి తయారుచేస్తున్నాం. ఈ సంగతి చెప్పగానే తోటి మెకానిక్కులు ఒకలా, యాప్‌లు రాసే కుర్రాళ్లు ఇంకోలా అనుకుంటున్నారు. రెండు వైపులా కొన్ని అపోహలు బాగా పాతుకుపోయి ఉన్నాయి. వాటివల్ల చివరికి జేబు ఖాళీ అయ్యేది కస్టమర్‌ది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: స్క్రీన్ మీద కోడ్ పడిందంటే ఏ పార్టు పోయిందో మెషినే చెప్పేసినట్టు.

వాస్తవం: మెషిన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకు పార్టులు కనిపించవు. సెన్సార్ నుంచో, స్విచ్ నుంచో రావలసిన సిగ్నల్ రావలసినట్టు రాకపోతే ఒక కోడ్ చూపిస్తుంది, అంతే. ఎల్‌జీ వాషింగ్ మెషిన్లో ఓఈ పడిందనుకోండి, ఇంత టైములో నీళ్లు బయటికి పోవాలి, పోలేదు అని మాత్రమే దానర్థం. డ్రెయిన్ పంపు కాలిపోయిందని కాదు. ఫిల్టర్‌లో రూపాయి బిళ్లో, పిన్నీసో, చొక్కా గుండీయో ఇరుక్కుని ఉండొచ్చు, మెషిన్ వెనక పైపు నలిగి ఉండొచ్చు, గోడలో పైపు పెట్టిన కన్నం మరీ ఎత్తులో ఉండొచ్చు. ప్రెషర్ సెన్సార్‌కి వెళ్లే సన్న గొట్టంలో సబ్బు పేరుకుపోయి, నీళ్లు పోయినా ఇంకా ఉన్నాయనే బోర్డు అనుకోవచ్చు. ఇవన్నీ చూసి, పంపు కనెక్టర్ దగ్గర సప్లై వస్తోందో లేదో మీటరు పెట్టి చూశాక, అప్పుడు పంపు మాట ఎత్తాలి.

ఇన్వర్టర్ ఏసీల్లో ఇంకా ఎక్కువ. లోపలి యూనిట్‌కీ బయటి యూనిట్‌కీ మధ్య సమాచారం అందడం లేదని చెప్పే కోడ్ దాదాపు ప్రతి కంపెనీకీ ఉంది, ఎల్‌జీలో సీహెచ్05, డైకిన్‌లో యూ4 అలాంటివే. పర్లాకిమిడిలో ఒక పెద్దాయన ఇంట్లో ఇలాంటి కోడ్ వచ్చింది, ఏ కంపెనీ ఏసీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మాకంటే ముందు చూసినవాళ్లు రెండు బోర్డులూ మార్చాలన్నారట, ఆ ఖర్చు తలుచుకుని ఆయన ఏసీ వేయడమే మానేశారు. వైరు వెళ్లిన దారి పట్టుకుని చూస్తూ పోతే ఫాల్స్ సీలింగ్ పైన మధ్యలో ఒక జాయింటు, దానికి చుట్టిన టేపు జిగురు కారిపోయి ఉంది. టేపు విప్పితే రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, వేలితో ముట్టుకుంటే పొడి రాలింది. మధ్యలో జాయింటు లేకుండా కొత్త వైరు లాగాం, ఏసీ పనిచేసింది. బోర్డులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

అందుకే మా యాప్‌లో ఏ కోడ్ తెరిచినా పార్టు పేరు ముందు రాదు. బోర్డు ఏం గమనించి ఆ కోడ్ ఇచ్చిందో మొదటి లైనులో ఉంటుంది. ఆ తర్వాత చేయాల్సిన పరీక్షలు, ఖర్చు లేనివి ముందు, మీటరు కావలసినవి తర్వాత, విప్పి తీయాల్సినవి చివర. ఈ వరుసే యాప్‌కి ప్రాణం. కోడ్‌కి అర్థం చెప్పే చార్టులు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి, వరుస చెప్పేవి లేవు.

అపోహ: కారు స్కానర్‌లాగే ఇంటి సామాన్లకూ కోడ్లు అన్ని కంపెనీలకూ ఒకటే.

వాస్తవం: కార్ల సంగతి వేరు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 (కార్లన్నీ ఒకే రకం కోడ్లు ఇచ్చే పద్ధతి) తప్పనిసరి చేశారు కాబట్టి పీ0300 అంటే ఏ కంపెనీ బండిలోనైనా మిస్‌ఫైరే, అంటే ఇంజిన్లో ఇంధనం సరిగా మండడం లేదని. ఇంటి సామాన్లకు అలాంటి నియమం లేదు, ఎవరి ఇష్టం వాళ్లది. నీళ్లు బయటికి పోకపోతే ఎల్‌జీలో ఓఈ, అదే సమస్యకు శామ్‌సంగ్‌లో 5ఈ, తర్వాతి మోడళ్లలో 5సి. బాష్ డిష్‌వాషర్‌లో ఈ15 అంటే అడుగు ట్రేలోకి నీళ్లు దిగాయని. డైకిన్ ఏసీల్లో మొదటి అక్షరాన్ని బట్టే సగం తెలిసిపోతుంది, ఏ ఉంటే లోపలి యూనిట్, ఈ, ఎఫ్, హెచ్, ఎల్ లాంటివి బయటి యూనిట్, యూ అయితే సప్లై, గ్యాస్, కమ్యూనికేషన్ లాంటి మొత్తం సిస్టమ్ వ్యవహారం. ఆ పద్ధతి పట్టుకుని ఇంకో కంపెనీ ఏసీ ముందు నిలబడితే పప్పులో కాలేసినట్టే.

డేటాబేస్ కట్టే తమ్ముళ్లకు ఇది ముఖ్యం. కోడ్ ఒక్కటే పట్టుకుని వెతికితే చాలదు. కంపెనీ, ఏ వస్తువు, ఏ సిరీస్, ఆ తర్వాతే కోడ్. నాలుగూ కలిస్తేనే ఒక ఎంట్రీ.

అపోహ: కోడ్ టైప్ చేస్తే జవాబు చూపించడమే కదా, ఇందులో కష్టం ఏముంది?

వాస్తవం: కష్టమంతా ఆ టైప్ చేయడంలోనే ఉంది. చాలా మెషిన్ల డిస్‌ప్లే ఏడు గీతలది. అందులో 5 అంకె, ఎస్ అక్షరం ఒకేలా కనిపిస్తాయి. సున్నా, ఓ కూడా అంతే. ఒకటి, ఐ అంతే. ఆరు, స్మాల్ బి దాదాపు అంతే. శామ్‌సంగ్ 5ఈని చూసిన కుర్రాడు ఎస్ఈ అని కొడతాడు, యాప్ ఏమీ లేదంటుంది, వాడు యాప్ పనికిరాదని తీసేస్తాడు. కాబట్టి ఒకేలా కనిపించేవాటిని లోపల ఒకటిగా కలిపి వెతకాలి, ఒకటి కంటే ఎక్కువ దొరికితే అన్నీ చూపించాలి, యాప్ తనంతట తాను ఒకటి ఎంచుకోకూడదు.

మరి క్యాపిటల్, స్మాల్ తేడా కూడా చెరిపేద్దామా అంటే అదీ కుదరదు. ఎల్‌జీ వాషింగ్ మెషిన్లో యూఈ కోడ్‌లో స్మాల్ యు పడితే బట్టలు ఒకవైపు చేరాయి, మెషిన్ తనే సర్దుకోవడానికి చూస్తోంది అని. క్యాపిటల్ యు పడితే సర్దుకోలేక ఆగిపోయింది అని. మొదటిదానికి మెషిన్ విప్పక్కర్లేదు, కాసేపు ఆగాలి. సీఎల్ అయితే అసలు ఫాల్టే కాదు, చైల్డ్ లాక్. "బాబూ, మెషిన్ పాడైపోయింది" అని పిన్నిగారు కంగారుగా ఫోన్ చేస్తే, వెళ్లి లాక్ తీసి ఆ రాకపోకలకు డబ్బు తీసుకోవడం నాకు న్యాయం అనిపించదు. అందుకే ఫోన్లోనే సరిచేయగలిగే కోడ్లకు యాప్‌లో వేరే గుర్తు పెట్టాం.

డిస్‌ప్లే లేని ఫ్రిజ్ ఇన్వర్టర్ బోర్డులు, కొన్ని ఏసీలు లైటు ఆర్పి వెలిగించి కోడ్ చెబుతాయి. ఇన్నిసార్లు వెలిగి, కాస్త ఆగి, మళ్లీ అన్నిసార్లు. ఎండలో బయటి యూనిట్ ముందు కూర్చుని లెక్కపెట్టేటప్పుడు లెక్క తప్పడం సహజం. దీనికి స్క్రీన్ మీద ఒక పెద్ద బటన్ ఇచ్చాం, లైటు వెలిగినప్పుడల్లా వేలితో కొట్టడమే, ఎక్కడ ఆగిందో, ఎన్ని అయ్యాయో యాప్ లెక్కేస్తుంది. నాకు ఈ యాప్‌లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అపోహ: ఇప్పుడు నెట్ అంతటా ఉంది, ఆఫ్‌లైన్ దేనికి?

వాస్తవం: మోహన, ఆర్.ఉదయగిరి కొండల వైపు ఒకసారి వెళ్లి రండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చిన రోజుల్లో గజపతి జిల్లాలో ఫోన్లు ఎలా ఉన్నాయో ఇక్కడివాళ్లకు ఇంకా గుర్తే. కోడ్లు, పరీక్షలు అంతా అక్షరాలే కాబట్టి వేల ఎంట్రీలున్నా ఎస్‌క్యూలైట్ (ఫోన్లోనే ఉండే చిన్న డేటాబేస్) ఫైలు కొద్ది ఎంబీల్లోనే ఉంటుంది, బరువంతా ఫొటోలది. షాపులో వైఫై దొరికినప్పుడు మారిన ఎంట్రీలు మాత్రం దింపుకుంటే చాలు.

అపోహ: కంపెనీ మాన్యువల్స్ పీడీఎఫ్‌లు ఎక్కించేస్తే యాప్ రెడీ.

వాస్తవం: మాన్యువల్లో రాసిన వాక్యాలు, బొమ్మలు, సర్క్యూట్ డయాగ్రాములు కంపెనీవి, 1957 కాపీరైట్ చట్టం వాటికి వర్తిస్తుంది. ఫలానా కోడ్‌కి ఫలానా అర్థం అనే సమాచారాన్ని మన మాటల్లో రాసుకోవచ్చు, వాళ్ల పేజీని అతికించకూడదు. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, ముందు అక్కడ వెతకండి. ఇక వాట్సాప్‌లో తిరిగే చార్టుల్లో ఏ సిరీస్‌దో రాయనివే ఎక్కువ. అలాంటివి మేం ఎక్కించినా "ఇంకా ఎవరూ సరిచూడలేదు" అని పసుపు రంగులో పెడతాం. మెకానిక్ స్వయంగా చేసి చూశాకే ఆకుపచ్చ.

దీనికి తోడు, ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా అనేవాళ్లు కూడా ఉన్నారు. అది తడుముకోకుండా చెబుతుంది, నిజమే. ఒక సిరీస్ కోడ్‌కి ఇంకో సిరీస్ అర్థం కలిపి చెప్పినా అంతే ధీమాగా చెబుతుంది. తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడి వెతుక్కోవడానికి దాన్ని వాడుకుందాం, జవాబు మాత్రం సరిచూసిన ఎంట్రీ నుంచే రావాలి.

అపోహ: ప్లగ్ పీకేశాం, ఇంక భయం లేదు.

వాస్తవం: దయచేసి ఇది మాత్రం నమ్మకండి. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటును ఇన్వర్టర్ బోర్డు డీసీగా మార్చినప్పుడు పెద్ద కెపాసిటర్ల మీద సుమారు 325 వోల్టులు ఉంటుంది, ప్లగ్ తీసినా అది వెంటనే పోదు. కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, తగ్గిందని చూశాకే చెయ్యి పెట్టాలి. ఆర్32 గ్యాస్ ఏసీ అయితే అది మండే గుణం ఉన్న గ్యాస్, పైపులో గ్యాస్ ఉండగా బ్రేజింగ్ మంట (రాగి పైపులు అతికే మంట) దగ్గరికి తేకూడదు. ఇన్వర్టర్ బోర్డు విప్పాల్సిన ప్రతి పరీక్షకు ముందూ యాప్‌లో ఈ హెచ్చరికతో ఎర్ర పేజీ వస్తుంది, దాన్ని దాటేసే బటన్ పెట్టమని అడిగినవాళ్లున్నారు, పెట్టేది లేదు. మన కుర్రాళ్లు చాలామంది గ్లవ్స్ కూడా లేకుండా గోడ బయట వేలాడుతూ పనిచేస్తున్నారు, వాళ్లకు షాక్ కొడితే పట్టుకునేవాళ్లుండరు.

అపోహ: కోడ్ పోయిందంటే రిపేరు అయిపోయినట్టే.

వాస్తవం: పవర్ ఆపి వేస్తే చాలా కోడ్లు తాత్కాలికంగా పోతాయి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి సెన్సార్ కనెక్టర్లు తుప్పు పడతాయి, కదిపితే సరిగా చదువుతాయి, నాలుగు రోజులకు కోడ్ మళ్లీ వస్తుంది. ఏసీల్లో వాడే సెన్సార్లు ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు చూపిస్తాయి, 5 కిలో ఓములవీ ఉన్నాయి, వేడి పెరిగేకొద్దీ ఓములు తగ్గాలి. చేతిలో పట్టుకుని మీటరులో అంకె దిగుతోందో లేదో చూడండి. వోల్టేజీ కూడా ఊరికే ప్లగ్ దగ్గర కాకుండా కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలో కొలవాలి, సాయంత్రం పూట పల్లెల్లో ఆ ఒక్క క్షణం పడిపోయే వోల్టేజీకే కోడ్లు వస్తాయి.

అందుకే మాకు ఎంట్రీలు పంపే అన్నలకు, తమ్ముళ్లకు ఒకటే మాట. స్టిక్కర్ మీది మోడల్ నంబర్, డిస్‌ప్లే ఎలా కనిపించిందో అలా తీసిన ఫొటో, కొలిచిన వోల్టేజీ, చివరికి ఏం చేస్తే బాగైంది, ఇవి పంపండి. స్టిక్కర్ ఫొటోలో కస్టమర్ పేరు, ఇంటి అడ్రసు పడకుండా చూసుకోండి. నెల తర్వాత ఒకసారి ఆ ఇంటికి ఫోన్ చేసి కోడ్ మళ్లీ వచ్చిందా అని అడిగి అదీ రాయండి, అప్పుడే ఆ ఎంట్రీని ఆకుపచ్చ చేస్తాం.