దోటి పొడవు చేతికెలా తెలుస్తుంది?

మామిడికాయలు కోసేటప్పుడు దోటి వైపు ఎవరూ చూడరు. చూపంతా ఆకుల చాటున ఉన్న కాయ మీదే. అయినా కొక్కెం ఎంత ఎత్తుకు అందుతుందో చేతికి తెలుస్తూనే ఉంటుంది. తమాషా ఏమిటంటే, చిక్కంలో రెండు కాయలు పడ్డాక అదే దోటి కాస్త పొడుగైనట్టు కూడా అనిపిస్తుంది. బరువెక్కిందంటే సరే, పొడుగవడమేమిటి?

నిజానికి చేయి తాకేది మొదట్లోని బెత్తెడు కర్రనే. పై భాగం గురించి అరచేతి చర్మానికి తెలిసే దారే లేదు. చేతిలోని వస్తువును ఆడించి తెలుసుకునే ఈ విద్యను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 1966లో మామూలు స్పర్శ నుంచి విడదీసి చూపాడు. తెలుగులో చలన స్పర్శ అందాం. ఆ తర్వాత కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ టర్వీ బృందం దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది. తెర చాటున చేతికి ఒక కడ్డీ ఇస్తారు. దాన్ని చూడకూడదు, కొనతో దేన్నీ తాకకూడదు, ఊపి చూడవచ్చు. కొన ఎంత దూరం అందుతుందో ఎదురుగా ఉన్న పలకను జరిపి చూపాలి. జవాబులు అంగుళాల లెక్కన తప్పినా, కడ్డీ పొడుగైన కొద్దీ చూపిన దూరమూ పెరిగింది.

మరి చేతికి అందిన ఆధారం ఏమిటి? బరువొక్కటే కాదు, తిప్పబోతే కర్ర చేసే మొరాయింపు. బడిలో జడత్వ భ్రామకం అని బట్టీపట్టింది దీన్నే. పాపం, ఆ పాఠంలో చేతి ఊసే ఉండదు. ఒకే మందమున్న కర్ర పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపే అవుతుంది, కొన దగ్గర పట్టుకుని తిప్పేటప్పుడు ఈ మొరాయింపు మాత్రం 8 రెట్లవుతుంది. అంత తేడాను మణికట్టు పసిగట్టకుండా ఎలా ఉంటుంది?

ఇంట్లోనే చూడవచ్చు. మీటరు పొడవు, 300 గ్రాముల బరువు ఉన్న కర్ర తీసుకోండి. ఒక కొన పట్టుకుని, చేతికి 20 సెంటీమీటర్ల దూరంలో 100 గ్రాముల మట్టిముద్ద అంటించండి. జడత్వ భ్రామకం సుమారు 4 శాతమే పెరుగుతుంది. అదే ముద్దను అవతలి కొనకు మారిస్తే ముద్ద లేనప్పటికి రెట్టింపవుతుంది. రెండుసార్లూ మొత్తం బరువు 400 గ్రాములే. కళ్లు మూసుకున్నవారికి ఇచ్చి ఊపమనండి, రెండో కర్రే పొడుగని చాలామంది అంటారు. చిక్కంలో కాయలు చేసే మాయ కూడా ఇదే.

అయితే ఇదొక్కటే ఆధారమని అందరూ ఒప్పుకోలేదు. ఊపకుండా అడ్డంగా పట్టుకున్నా కర్ర కొన కిందికి వాలబోతుంది కదా, దాన్ని ఆపడానికి మణికట్టు చేసే శ్రమ కూడా లెక్కలోకి వస్తుందని ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2004లో వాదించారు. నాకూ అది సబబుగానే తోస్తుంది. దుకాణంలో గొడుగు కొనేటప్పుడు దాన్ని కత్తిలా ఝళిపించి చూసేవారు తక్కువే, ఊరికే పట్టుకున్నా ఎంతో కొంత తెలుస్తుంది.

ఈ కబురు మెదడుకు ప్రధానంగా మోసేవి కండరాలు, వాటిని ఎముకలకు కలిపే స్నాయువులు. కండరం ఎంత సాగిందో, స్నాయువు మీద ఎంత లాగుడు పడిందో చెప్పే నాడీ గ్రాహకాలు వాటిలో ఉంటాయి. అలాంటప్పుడు ఈ పని చేతికే పరిమితం కానక్కరలేదు. కనెక్టికట్‌లోనే తర్వాత కడ్డీని పాదానికి బిగించి ఊపమన్నారు. చేయంత అలవాటు లేకపోయినా, కాలు కూడా దాదాపు చేతికి దీటుగానే పొడవు చెప్పింది. మామిడితోటలో ఆ అవసరం ఇంతవరకు ఎవరికీ పడినట్టు లేదు.