రీలోడింగ్ ప్రెస్‌లో భాగం విరిగితే: వారంటీపై అపోహలు - వాస్తవాలు

కాల్చేసిన తూటా ఇత్తడి కేసును పారవేయకుండా, దానిని తిరిగి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు రేపే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ అమర్చడానికి వాడే చేతి యంత్రమే రీలోడింగ్ ప్రెస్. నేను టెక్సాస్‌లో ఉంటూ పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మా షూటింగ్ క్లబ్బులోని ప్రెస్‌ల మరమ్మతు కూడా ఎక్కువగా నా చేతి మీదుగానే జరుగుతుంది. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చిన తెలుగు మిత్రులు యంత్రం కొనే ముందు అడిగే మాట దాదాపు ఒక్కటే: "జీవితకాల వారంటీ ఉందట కదా, ఇక దిగులెందుకు?" ఆ ఒక్క ప్రశ్నలో మూడు నాలుగు అపోహలు ఇమిడి ఉన్నాయి.

అపోహ: జీవితకాల వారంటీ అంటే ఏది విరిగినా, ఎప్పుడు విరిగినా ఉచితంగా కొత్తది వస్తుంది.

వాస్తవం: ముందుగా ఎవరి జీవితకాలమో చూడాలి. అది కొన్న మనిషిది కావచ్చు, యంత్రానిది కావచ్చు. ప్రకటనలో ఆ మాట వాడే కంపెనీ అది ఎవరి జీవితకాలమో స్పష్టం చేయాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, పది డాలర్లకు మించిన ధర గల వినియోగ వస్తువుకు లిఖితపూర్వకంగా వారంటీ ఇస్తే, అది "పూర్తి" వారంటీయో "పరిమిత" వారంటీయో పత్రం మీదనే తెలపాలి. "పరిమిత" అన్న పదం కనిపించిన చోట, ఆ పరిమితులేమిటో కింది పంక్తుల్లో వెతుక్కోవడం కొనేవాడి పని.

కంపెనీల మధ్య తేడా చాలా ఉంటుంది. అరిజోనాలోని డిల్లన్ సంస్థ అభిరుచి కోసం వాడే తన చేతి యంత్రాల్లో విరిగిన భాగాన్నే కాక అరిగిపోయిన భాగాన్ని కూడా జీవితాంతం మార్చి ఇస్తుందని పేరు. అయితే అదే సంస్థ తయారుచేసే విద్యుత్ పరికరాలకు హామీ ఒక్క ఏడాదే. విస్కాన్సిన్‌లోని లీ ప్రెసిషన్ సాధారణ వాడకానికి రెండేళ్ళ హామీ ఇచ్చి, ఆ తరువాత ప్రస్తుతం తయారీలో ఉన్న వస్తువు ఎంత పాతదైనా, ఏ స్థితిలో ఉన్నా, చిల్లర ధరలో సగం చెల్లించి ఫ్యాక్టరీకి పంపితే కొత్తదానిలా చేసి పంపే పద్ధతి పెట్టుకుంది. తక్కువ ధరకు అమ్మే యంత్రానికి రెండో పద్ధతి అన్యాయమేమీ కాదని నా అభిప్రాయం. జీవితకాల హామీ ఖర్చును కంపెనీ యంత్రం ధరలోనే కలుపుకుంటుంది గనుక, నెలకు వంద తూటాలు చేసుకునే మనిషి దానికోసం అదనంగా చెల్లించడంలో పెద్ద లాభం లేదు.

అపోహ: రిజిస్ట్రేషన్ కార్డు పంపకపోతే వారంటీ లేనట్టే.

వాస్తవం: పూర్తి వారంటీకి అటువంటి షరతు పెట్టకూడదు, పరిమిత వారంటీకి పెట్టదలిస్తే ఆ మాట పత్రంలో రాసి ఉండాలి. కార్డు కంటే బిల్లు ముఖ్యం. పాత యంత్రం కొనేవారు మరొక విషయం గమనించాలి: కొన్ని హామీలు మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తాయి, కొన్ని యంత్రం వెంటే నడుస్తాయి.

అపోహ: వేరే కంపెనీ విడిభాగం ఒక్కటి బిగించినా వారంటీ మొత్తం రద్దవుతుంది.

వాస్తవం: ఫలానా బ్రాండు విడిభాగాలే కొని వాడాలన్న షరతు మీద వారంటీ ఇవ్వడాన్ని, అరుదైన మినహాయింపులు తప్ప, పైన చెప్పిన చట్టమే నిషేధిస్తుంది. అయితే ఆ పరాయి భాగం వల్లనే నష్టం జరిగిందని తేలితే ఆ మరమ్మతును కంపెనీ నిరాకరించవచ్చు. చేతితో తిప్పవలసిన ప్రెస్‌కు మోటారు తగిలించేవారు దీనిని బాగా గుర్తుంచుకోవాలి. ఎక్కడో ఏదో అడ్డుపడినప్పుడు మన చేతికి ఆ సంగతి తెలుస్తుంది, మోటారుకు తెలియదు; అది అడ్డును కూడా అదే బలంతో నెట్టుకుపోతుంది.

అపోహ: భాగం విరిగిందంటే అది నాసిరకం భాగమే.

వాస్తవం: కొన్నిసార్లు అవును. ఇనుప పోతలో లోపలి గుల్ల వల్ల ఫ్రేము పగిలిన సందర్భాలు ఉంటాయి, వాటిని కంపెనీ పెద్దగా వాదించకుండానే మారుస్తుంది. కానీ నా బల్ల మీదికి వచ్చే విరిగిన భాగాల్లో ఎక్కువ శాతానికి వాడిన తీరే కారణం. కాలిన ప్రైమర్‌ను కేసు లోపలినుంచి నెట్టివేసే డీక్యాపింగ్ పిన్ సంగతి తీసుకోండి. మామూలు బాక్సర్ కేసు అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది, బెర్డాన్ కేసుకు పక్కపక్కన రెండు ఉంటాయి. ఏరిన ఇత్తడిలో రెండోరకం కేసు ఒక్కటి కలిసినా, లేదా కేసులో చిన్న రాయి ఉండిపోయినా, పిన్ వంగుతుంది లేదా విరుగుతుంది. ఆ పిన్ కోసం ఫోన్ చేసి వారం రోజులు ఎదురుచూడటం కంటే, నాలుగు పిన్నులు కొని సొరుగులో పెట్టుకోవడమే మేలు.

రైఫిల్ కేసుకు నూనె సరిగా రాయకుండా, దానిని నొక్కి కొలతకు తెచ్చే అచ్చు అయిన డైలోకి నెడితే అది ఇరుక్కుంటుంది. అప్పుడు పిడికి పొడవాటి గొట్టం తొడిగి లాగడం చాలామంది చేసే పొరపాటు. పిడి పొడవు రెండింతలైతే బలమూ రెండింతలై లింకుల మీద, పిన్నుల మీద, ఫ్రేము చెవుల మీద పడుతుంది. కార్బైడ్ డై విషయమూ ఇంతే: కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు కూడా, కాబట్టి కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ దానికి గట్టిగా ఢీకొనేలా బిగిస్తే లోపలి రింగు బీటలు వారుతుంది. పౌడర్ డబ్బా పసుపెక్కి బీటలు తీయడాన్ని కూడా కొందరు ప్లాస్టిక్ లోపమనుకుంటారు. డబుల్ బేస్ పౌడర్‌లో (నైట్రోసెల్యులోజ్‌తో పాటు నైట్రోగ్లిజరిన్ కలిసిన రకం) ఉండే నైట్రోగ్లిజరిన్ కొన్ని ప్లాస్టిక్‌లను తింటుంది గనుక, పని ముగిసిన రోజే పౌడర్‌ను దాని అసలు సీసాలోకి తిరిగి పోయాలి.

ఇందులో నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నా ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో (ఒకేసారి పలు కేసుల మీద పనిచేసే రకం) కేసులను మోసే గుండ్రటి షెల్ ప్లేటును తిప్పే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒక వేసవిలో మూడుసార్లు విరిగింది. మూడుసార్లూ ఉచితంగా కొత్తది వచ్చింది, నేనూ ఆనందంగా బిగించుకున్నాను. నాలుగోసారి విసుగెత్తి షెల్ ప్లేటును పూర్తిగా విప్పితే, దాని కింద ఇత్తడి శుభ్రం చేయడానికి వాడే మొక్కజొన్న కండె పొడి, కాలిన ప్రైమర్ మసి కలిసి గట్టి పెచ్చుగా పట్టి ఉన్నాయి. ఉచితంగా వచ్చే భాగం నా సోమరితనాన్ని పోషించింది. ఆ పెచ్చును గీరి తీసిన తరువాత బిగించిన ముక్క ఇప్పటికీ పనిచేస్తోంది.

అపోహ: కొత్త భాగం బిగించగానే ఆగిన చోటినుంచి పని కొనసాగించవచ్చు.

వాస్తవం: అన్ని అపోహల్లోనూ ప్రాణాంతకమైనది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో పిడి ఒక్కసారి కిందికి వంచితే నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. మధ్యలో ఏదైనా భాగం విరిగి యంత్రం ఆగితే, ఏ కేసులో పౌడర్ పడింది, ఏ కేసులో పడలేదు అన్నది కంటితో చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. పౌడర్ కొలిచే పట్టీని వెనక్కు లాగే స్ప్రింగు బలహీనపడినా, దాని లింకు విరిగినా, పట్టీ పూర్తి దూరం కదలక పౌడర్ తక్కువ పడవచ్చు లేదా అసలు పడకపోవచ్చు. అటువంటి తూటా పేల్చినప్పుడు బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఆగిపోవచ్చు. కాల్చే మనిషి అది గమనించకుండా మరొకటి పేలిస్తే బ్యారెల్ చీలవచ్చు. ప్లేటు చేతితో తిప్పే ప్రెస్‌లలో దీనికి వ్యతిరేక ప్రమాదం ఉంది: మరమ్మతు హడావిడిలో ప్లేటు తిప్పడం మరచిపోతే ఒకే కేసులో రెండు మోతాదులు పడతాయి.

అందువల్ల యంత్రం ఆగిన క్షణంలో ప్లేటు మీద ఉన్న కేసులన్నీ పక్కకు తీసి ఖాళీ చేయాలి. కొత్త భాగం బిగించాక కనీసం పది మోతాదులు త్రాసులో తూచి చూడాలి. భాగం పోస్టులో వచ్చే దాకా మేకు ముక్కతోనో వైరుతోనో యంత్రాన్ని నడిపించడం మన ఊళ్ళ మోటారు షెడ్లలో చెల్లుతుందేమో గాని, ప్రైమర్లు నడిచే యంత్రంలో చెల్లదు.

అపోహ: ప్రెస్‌కు వారంటీ ఉంది గనుక, దానితో చేసిన తూటా వల్ల తుపాకీ చెడితే ఎవరో ఒకరు భరిస్తారు.

వాస్తవం: ప్రెస్ కంపెనీల పత్రాలు సాధారణంగా భాగం మార్పిడి వరకే బాధ్యత తీసుకుని, దానివల్ల కలిగే ఇతర నష్టాలను మినహాయిస్తాయి. తుపాకీ తయారీదారుల్లో చాలామంది రీలోడ్ చేసిన తూటాలు వాడితే తమ హామీ వర్తించదని మాన్యువల్‌లోనే రాస్తారు. అంటే రెండు వారంటీల మధ్య ఉన్న ఖాళీలో నిలబడేది మనమే.

అపోహ: యంత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా పెట్టెలో పెట్టి ఫ్యాక్టరీకి పంపితే వాళ్ళే చూసుకుంటారు.

వాస్తవం: చాలా సందర్భాల్లో పంపవలసిన అవసరమే రాదు. మాన్యువల్‌లోని విడిభాగాల చిత్రం చూసి నంబరు రాసుకుని, విరిగిన ముక్కను ఫోటో తీసి ఫోన్ చేస్తే భాగం ఇంటికే వస్తుంది. పంపక తప్పకపోతే ప్రైమర్ గొట్టాలు, పౌడర్ డబ్బా పూర్తిగా ఖాళీ చేసి తీసివేయాలి. ప్రైమర్లు రవాణా నిబంధనల్లో ప్రమాదకర సరకు. గొట్టం అడుగున ఇరుక్కున్న ఒక్క ప్రైమర్ కూడా మామూలు పార్సిల్‌లో వెళ్ళకూడదు.

అపోహ: పాత ప్రెస్‌ను ఇండియా తీసుకెళ్ళి, లైసెన్సు తుపాకీ ఉన్న బంధువుకు ఇవ్వవచ్చు, అది వట్టి ఇనుప యంత్రమే కదా.

వాస్తవం: మా క్లబ్బు మిత్రుడొకరు హైదరాబాద్‌లోని బావమరిది కోసం దాదాపు ఈ పని చేయబోయాడు. 1959 నాటి భారత ఆయుధాల చట్టం "మందుగుండు" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలతో పాటు తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. తయారీకి విడిగా లైసెన్సు కావాలి, తుపాకీ ఉంచుకునే లైసెన్సు దానికి సరిపోదు. అందుకే ఆ ప్రెస్ సూట్‌కేసులోంచి బయటికి వచ్చి, వారంటీ కొత్త యజమానికి వర్తిస్తుందో లేదో పత్రంలో చూసుకున్న తరువాత, మా క్లబ్బులోనే మరొకరి బల్ల మీదికి చేరింది.