ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం పెరిగిందా? డాలస్ తెలుగు ఇళ్లలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, మెకిన్నీ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లకి ఇన్సూరెన్స్ పాలసీలు రాయడం నా వృత్తి. కొన్నేళ్లుగా వస్తున్న ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "రెన్యూవల్ వచ్చిందండీ, ప్రీమియం చూసి గుండె ఆగినంత పనైంది. ఎలాగైనా తగ్గించండి." తగ్గించే దారులు ఉన్నాయి. కాకపోతే దేన్ని వదులుకుంటున్నామో తెలియకుండా తగ్గించుకుంటే, వడగళ్ల వాన పడ్డాక ఆ తేడా అంతా మన జేబులోంచే పోతుంది. ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్ సంగతి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి చట్టాలు వేరుగా ఉంటాయి, గమనించండి.

అపోహ: "ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు. నా ప్రీమియం పెరగకూడదు."

క్లెయిమ్ పెట్టకపోవడం మేలే, డిస్కౌంటు కూడా వస్తుంది. కానీ మీ ప్రీమియంలో పెద్ద వాటా మీ ఒక్కరి చరిత్రను బట్టి కాదు, మీ జిప్ కోడ్‌ను బట్టి వస్తుంది. భారీ వడగళ్లు ఎక్కువగా పడే రాష్ట్రాల్లో టెక్సాస్‌ది ముందు వరస. ఒక్క సాయంత్రం ఇరవై నిమిషాలు రాళ్లు పడితే వీధికి వీధి రూఫులు మార్చాల్సి వస్తుంది. దానికి తోడు 2020 తర్వాత కలప, షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు), కూలి అన్నీ పెరిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు తమ మీద పడే పెద్ద నష్టాలకి మళ్లీ ఇంకో చోట ఇన్సూరెన్స్ కొనుక్కుంటాయి. దాన్ని రీఇన్సూరెన్స్ అంటారు, అదీ ప్రియమైంది.

ఇంకో విషయం. టెక్సాస్‌లో కంపెనీ కొత్త రేట్లను రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి దాఖలు చేసి, అనుమతి కోసం ఆగకుండానే వాడటం మొదలుపెట్టొచ్చు. శాఖ తర్వాత పరిశీలిస్తుంది. అందుకే పెంపు మన దాకా అంత త్వరగా వచ్చేస్తుంది.

క్రెడిట్ స్కోరు సంగతి చాలామందికి తెలియదు. కాలిఫోర్నియాలో ఇంటి ఇన్సూరెన్స్‌కి క్రెడిట్ వాడకూడదు, టెక్సాస్‌లో వాడొచ్చు. ఈ మధ్య లేఆఫ్‌లు చూస్తున్నాం కదా, ఆ సమయంలో కార్డు బిల్లులు వెనకబడి స్కోరు పడితే అది ప్రీమియంలో కూడా కనిపిస్తుంది. తాత్కాలికంగా ఉద్యోగం పోవడం, తీవ్రమైన జబ్బు, జీవిత భాగస్వామి మరణం, విడాకులు, గుర్తింపు చోరీ లాంటి వాటివల్ల క్రెడిట్ దెబ్బతింటే, మినహాయింపు అడిగే వీలు టెక్సాస్ చట్టంలో ఉంది. కంపెనీకి రాతపూర్వకంగా అడగాలి. అడగకపోతే ఎవరూ తమంతట తాము ఇవ్వరు.

అపోహ: "డిడక్టిబుల్ 2 శాతం అంటే డ్యామేజీలో 2 శాతం మనం కట్టుకోవాలి."

డిడక్టిబుల్ అంటే క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం. ఈ ఒక్క అపోహ వల్ల నష్టపోయినన్ని కుటుంబాలు మరే అపోహ వల్లా నష్టపోలేదు. ఆ శాతం డ్యామేజీ మీద కాదు, ఇంటిని మళ్లీ కట్టడానికి పాలసీలో రాసిన మొత్తం మీద. డిక్లరేషన్ పేజీలో (పాలసీ వివరాలన్నీ క్లుప్తంగా ఉండే పేజీ) "కవరేజ్ ఎ" లేదా "డ్వెల్లింగ్" అన్న వరస ఎదురుగా ఉండే అంకె అదే. అక్కడ 5 లక్షల డాలర్లు ఉంటే 2 శాతం అంటే 10 వేలు. రూఫ్ డ్యామేజీ 9 వేలయితే కంపెనీ ఒక్క డాలరు కూడా ఇవ్వదు.

అదే పేజీలో సాధారణంగా రెండు డిడక్టిబుల్స్ ఉంటాయి. ఒకటి గాలి, వడగళ్లకి. ఇంకోటి నిప్పు, దొంగతనం, పైపులు పగలడం లాంటి మిగతా వాటికి. మీరు గుర్తుపెట్టుకున్నది ఏది అని అడిగితే, చాలామంది రెండోదే చెబుతారు. డాలస్‌లో ఎక్కువగా అవసరం పడేది మొదటిది.

దీనికి రూఫ్ సెటిల్‌మెంట్ పద్ధతి (రూఫ్ పోతే ఎంత ఇవ్వాలో కంపెనీ లెక్కేసే తీరు) కూడా కలిస్తే లెక్క ఎలా తిరగబడుతుందో చూడండి. రెండు కోట్స్ వచ్చాయనుకుందాం. రెండింటిలోనూ డ్వెల్లింగ్ 5 లక్షలు. ఇంటి రూఫ్ వయసు 12 ఏళ్లు, మార్చడానికి 24 వేలు అవుతుంది.

మొదటి కోట్: ఏడాదికి 4,800. వడగళ్ల డిడక్టిబుల్ 1 శాతం, రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్. అంటే తరుగుదల తీయకుండా కొత్తదాని ఖర్చు లెక్కేసే పద్ధతి. రూఫ్ పోతే మీరు 5 వేలు పెట్టుకుంటారు, కంపెనీ 19 వేలు ఇస్తుంది.

రెండో కోట్: ఏడాదికి 3,300. డిడక్టిబుల్ 2 శాతం, రూఫ్‌కి యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే తరుగుదల తీసేసి ఇచ్చే పద్ధతి. రూఫ్ ఆయుష్షు 20 ఏళ్లని లెక్కేస్తే 60 శాతం అరిగిపోయినట్టు. 24 వేలల్లో 14,400 పోయి మిగిలింది 9,600. డిడక్టిబుల్ 10 వేలు. కంపెనీ ఇచ్చేది సున్నా.

ఏడాదికి 1,500 మిగిలిందని సంబరపడి, రూఫ్‌కి ఉన్న రక్షణ పూర్తిగా వదులుకున్నట్టే. ఆ 19 వేల తేడా పూడాలంటే పన్నెండేళ్లకి పైగా పొదుపు చెయ్యాలి. పన్నెండేళ్లపాటు వడగళ్లు పడని వీధి నార్త్ టెక్సాస్‌లో ఎక్కడుందో నాకు తెలియదు.

కొన్ని కంపెనీలు రెన్యూవల్‌లోనే చడీచప్పుడు లేకుండా రూఫ్‌ని రీప్లేస్‌మెంట్ కాస్ట్ నుంచి యాక్చువల్ క్యాష్ వాల్యూకి, లేదా రూఫ్ వయసును బట్టి ఇచ్చే డబ్బు తగ్గిపోయే పట్టికకి మార్చేస్తాయి. మార్పుల నోటీసు అని ఒక కాగితం రెన్యూవల్‌తో జతచేసి పంపుతాయి. దయచేసి ప్రీమియం అంకె కంటే ముందు ఆ కాగితం చదవండి.

ప్రీమియం తగ్గాలంటే, డబ్బు చేతిలో ఉంటే మిగతా నష్టాల డిడక్టిబుల్ పెంచుకోండి, అది నేనూ సిఫారసు చేస్తాను. చిన్న నష్టాలకి ఎలాగూ క్లెయిమ్ పెట్టకూడదు.

అపోహ: "రూఫర్ డిడక్టిబుల్ తనే చూసుకుంటానన్నాడు. అంతా ఇన్సూరెన్స్ మీదే."

వాన వెలిసిన మర్నాడే తలుపు తట్టి, యార్డులో బోర్డు పాతి, "మీకు ఒక్క పైసా ఖర్చు లేదు" అనే వాళ్లని నమ్మకండి. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ఇది నేరం. డిడక్టిబుల్ ఇంటివాళ్లే కట్టాలి, కాంట్రాక్టర్ మాఫీ చెయ్యకూడదు, వేరే రూపంలో తిరిగి ఇవ్వకూడదు. కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు, చూపించేదాకా, తరుగుదల కింద మొదట పట్టి ఉంచిన డబ్బు ఆపెయ్యొచ్చు కూడా. చెక్కు కాపీ, కార్డు రసీదు దాచుకోండి.

టెక్సాస్‌లో రూఫర్లకి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు. అందుకే ఊరివాళ్లని, పని చేయించుకున్నవాళ్ల ద్వారా తెలిసినవాళ్లని పిలవండి. క్లెయిమ్ పెట్టకముందే ఫొటోలు తీయించండి. అడ్జస్టర్ (నష్టం అంచనా వెయ్యడానికి కంపెనీ పంపే మనిషి) వచ్చినప్పుడు ఏం చేస్తారో తెలిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది: రూఫ్ మీద ఒక్కో వాలులో పదడుగులకి పదడుగుల చదరం చాక్‌పీసుతో గీసి, అందులో ఎన్ని దెబ్బలున్నాయో ఒక్కోదాని చుట్టూ సున్నా చుట్టి లెక్కపెడతారు. దెబ్బ తగిలిన చోట పైనున్న ఇసుకలాంటి పొర రాలిపోయి నల్లగా కనబడుతుంది, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. గట్టర్లలో ఆ ఇసుక పేరుకుని ఉంటుంది, వెంట్ల రేకులు సొట్టపోయి ఉంటాయి. ఇవేవీ లేకుండా కేవలం పాతబడిన రూఫ్‌కి క్లెయిమ్ పెట్టమనే రూఫర్ మీ మేలు కోరేవాడు కాదు. నిజంగా దెబ్బతింటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. చాలా పాలసీల్లో గాలి, వడగళ్ల క్లెయిమ్‌కి ఏడాది గడువే ఉంటుంది.

అపోహ: "ఊరికే అడిగినా రికార్డులోకి ఎక్కుతుంది."

"ఇది కవర్ అవుతుందా" అని అడగడం క్లెయిమ్ కాదు. అలా అడిగినందుకు మీ మీద చర్య తీసుకోవడం టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. కాకపోతే ముందు ఏజెంటుని అడగండి. కంపెనీ క్లెయిమ్ నంబరుకి ఫోన్ చేస్తే, అవతలివాళ్లు క్లెయిమ్ తెరిచే ప్రమాదం ఉంది. ఒకసారి తెరిచి డబ్బు రాకుండా మూసేసినా అది క్లూ రిపోర్టులో (పాత క్లెయిముల చిట్టా) ఏడేళ్ల దాకా కనిపించొచ్చు. లెక్సిస్‌నెక్సిస్ (ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీ) దగ్గర ఏడాదికి ఒకసారి మీ రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇల్లు కొనేముందు అమ్మేవాళ్లని కూడా వాళ్ల రిపోర్టు అడగండి, ఆ ఇంటి పాత క్లెయిములు అందులో ఉంటాయి.

అపోహ: "ఇల్లు 7 లక్షలకి కొన్నాం, 7 లక్షలకే ఇన్సూరెన్స్ ఉండాలి."

కొన్న ధరలో స్థలం విలువ కూడా ఉంది. స్థలం కాలిపోదు. ఇన్సూరెన్స్ చూసేది ఇంటిని ఈనాటి ధరలకి మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో. కౌంటీ ట్యాక్స్ నోటీసులో అంకెకీ దీనికీ సంబంధం లేదు. అలాగని ప్రీమియం కోసం మరీ తగ్గించెయ్యొద్దు. చాలా పాలసీల్లో కట్టుబడి ఖర్చులో కనీసం 80 శాతానికి ఇన్సూర్ చేసి ఉండాలనే షరతు ఉంటుంది. అంతకన్నా తక్కువుంటే చిన్న నష్టానికి కూడా పూర్తి డబ్బు రాదు.

అపోహ: "క్లాస్ 4 రూఫ్ వేస్తే ఇక బెంగ లేదు."

నేను మనస్ఫూర్తిగా చెప్పే సలహాల్లో క్లాస్ 4 షింగిల్స్ ఒకటి. రెండంగుళాల ఉక్కు గుండుని ఇరవై అడుగుల ఎత్తునుంచి ఒకేచోట రెండుసార్లు వదిలినా చీలకపోతేనే ఆ గుర్తింపు ఇస్తారు. ఎలాగూ రూఫ్ మారుస్తున్నప్పుడు కొంచెం ఎక్కువ పెట్టి ఇవి వేయించుకుంటే చాలా కంపెనీల దగ్గర డిస్కౌంటు వస్తుంది. రూఫర్ చేత సర్టిఫికెట్ ఫారం నింపించి సంతకం పెట్టించుకోండి, పని అయిపోయాక ఆయన్ని మళ్లీ పట్టుకోవడం కష్టం.

ఒక మెలిక ఉంది. డిస్కౌంటుతో పాటు "కాస్మెటిక్ డ్యామేజ్" మినహాయింపు కూడా తగిలించే అవకాశం ఉంది. అంటే సొట్టలు పడి చూడ్డానికి బాగోకపోయినా నీళ్లు కారనంతవరకు డబ్బు ఇవ్వరు. మెటల్ రూఫ్ ఉన్నవాళ్లు దీనికి సంతకం పెట్టేముందు బాగా ఆలోచించాలి.

అపోహ: "మా ఇల్లు ఫ్లడ్ జోన్‌లో లేదు. ఒకవేళ నీళ్లొచ్చినా హోమ్ ఇన్సూరెన్స్ ఉందిగా."

వరద నీరు మామూలు ఇంటి పాలసీలో ఉండదు. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్‌లో మునిగిన చాలా ఇళ్లు అధికారిక వరద మండలం బయట ఉన్నవే. ప్రభుత్వ వరద ఇన్సూరెన్స్‌లో ఇంటికి గరిష్ఠంగా 2.5 లక్షలు, సామానుకి లక్ష డాలర్ల దాకా వస్తుంది. సాధారణంగా కొన్న 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. టీవీలో తుఫాను వార్త చూసి ఫోన్ చేస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

అపోహ: "కంపెనీ మార్చాలంటే రెన్యూవల్ దాకా ఆగాలి."

అక్కర్లేదు. ఎప్పుడైనా మారొచ్చు, వాడని రోజుల డబ్బు వెనక్కి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఎస్క్రో (ఇంటి కిస్తీతో పాటు ఇన్సూరెన్స్, ట్యాక్స్ డబ్బు బ్యాంకు కూడబెట్టి కట్టే ఖాతా) ఉన్నవాళ్లకి ఆ రిఫండ్ చెక్కు సాధారణంగా ఇంటికే వస్తుంది. కొత్త కంపెనీకి మాత్రం బ్యాంకు ఎస్క్రోలోంచి మళ్లీ పూర్తిగా కడుతుంది. ఆ చెక్కుని ఇండియా టికెట్లకి వాడేస్తే తర్వాతి ఎస్క్రో లెక్కలో కొరత తేలి, నెలవారీ కిస్తీ పెరుగుతుంది. చెక్కు రాగానే ఎస్క్రోలో జమ చేసెయ్యండి. ప్రీమియం పెరగడం వల్లే కొరత వస్తే మొత్తం ఒకేసారి కట్టక్కర్లేదు, పన్నెండు నెలలకి సర్దమని అడగొచ్చు.

పాత పాలసీని కొత్తది మొదలయ్యే రోజునే ఆపండి. మధ్యలో ఒక్కరోజు ఖాళీ ఉంచొద్దు. ఇన్సూరెన్స్ లేదని తేలితే బ్యాంకు నోటీసులిచ్చి తనే ఒకటి కొని మీ ఖాతాకి రాస్తుంది. అది ఖరీదెక్కువ, కాపాడేది ముఖ్యంగా బ్యాంకుని. మీ సామాను, మీ లయబిలిటీ (మీ వల్ల ఇతరులకి జరిగే నష్టానికి బాధ్యత) దాంట్లో ఉండవు.

మనవాళ్ల ఇళ్లకి ప్రత్యేకంగా మూడు మాటలు

బంగారం: పాలసీలో సామాను కింద రెండు లక్షలున్నా, నగలు దొంగతనం పోతే ఇచ్చేది చాలాచోట్ల 1,500 నుంచి 2,500 డాలర్లే. పెళ్లినాటి హారం ఒక్కటి దాన్ని దాటిపోతుంది. బిల్లు గానీ అప్రైజల్ (విలువ కట్టిన పత్రం) గానీ పెట్టి, ఒక్కో నగనీ విడిగా పాలసీలో రాయించండి (షెడ్యూల్ చేయించడం అంటారు), లేదా లాకర్లో పెట్టండి.

ఇండియా ప్రయాణం: 2021 ఫిబ్రవరి చలిలో పైపులు పగిలిన ఇళ్లు గుర్తున్నాయి కదా. డిసెంబరులో వెళ్తుంటే నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టెయ్యండి, హీటర్ ఆపెయ్యకండి. ఇల్లు వెచ్చగా ఉంచకుండా, నీళ్లూ కట్టకుండా వెళ్తే క్లెయిమ్ తిరస్కరించే వీలు పాలసీలో ఉంటుంది.

అద్దెకిచ్చిన పాత ఇల్లు: కొత్త ఇంట్లోకి మారి పాతది అద్దెకిస్తే ఆ పాలసీ పనికిరాదు, ల్యాండ్‌లార్డ్ పాలసీకి మార్చాలి. కొందరు చెప్పకుండా ఊరుకుంటారు. నిప్పు అంటుకున్నాక అడ్జస్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇంట్లో ఎవరుంటున్నారనే.

అపోహ: "ఎవరూ ఇవ్వనంటే ఇక దారి లేదు."

ముందు ఒకే కంపెనీ ఏజెంటుతో ఆగకుండా, పలు కంపెనీలవి అమ్మే ఇండిపెండెంట్ ఏజెంటుని కూడా అడగండి. హెల్ప్‌ఇన్స్యూర్ డాట్ కామ్‌లో మీ జిప్ కోడ్‌కి కంపెనీల నమూనా రేట్లు చూడొచ్చు, అక్కడ ఎవరూ మీకు ఏదీ అమ్మరు. కనీసం రెండు కంపెనీలు నిరాకరిస్తే టెక్సాస్ ఫెయిర్ ప్లాన్‌కి (బయట ఇన్సూరెన్స్ దొరకనివాళ్లకి ఉన్న ఏర్పాటు) దరఖాస్తు చేసుకోవచ్చు. కవరేజీ తక్కువే, అయినా ఇల్లు ఉత్తిగా వదిలెయ్యడం కంటే నయం. అన్యాయం జరిగిందనిపిస్తే టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖకి ఫిర్యాదు చెయ్యొచ్చు, ఫోన్ 1-800-252-3439. ఫిర్యాదుకి ఖర్చేమీ లేదు, కంపెనీ జవాబు చెప్పి తీరాలి. ఫోన్ చేసేముందు డిక్లరేషన్ పేజీ, కంపెనీ పంపిన ఉత్తరాలు తేదీల వారీగా దగ్గర పెట్టుకోండి.